పెరటిలో గట్టిన నావలు

భోజరాజకృతమని ప్రసిద్ధమైన యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున నౌకానిర్మాణమును గూర్చి యొక ప్రకరణము కలదు. అందు కొయ్యలకు సైతము జాతులు చెప్పబడినవి. తేలికయు మెత్తనయు నైనది బ్రాహ్మణజాతి. తేలికయయ్యు గట్టిదైనది క్షత్రియజాతి. తక్కిన రెండును నిట్లే. భిన్నజాతుల కొయ్యలను కలిపి కట్టిన యోడ మేలు కాదట! మానులను సైతము విడువని యీ భేదమును చూచి చదువరులు నవ్వవచ్చును గాని, ఓడ గట్టువాని విషయమున లోకమంతయు నించుమించుగా నిట్లే నడచినది. మన తీరమున నైనను, ఐరోపా రేవులలో నైనను, ఈ విద్య తండ్రి కొడుకునకును, మేస్త్రి తన పనిపిల్లవానికిని చేతిమీదుగా నేర్పినదే. పలక యెచ్చట నెంత వంగవలెనో కంటికొలతగా నెఱిగినవాడు వడ్రంగి. తక్కినవారు రూకలిచ్చి కొనువారు. ఆ వృత్తిలో పుట్టనివాడు, దానివలన జీవింపనివాడు, కేవలము వేడుకకై తన చేతులతో నావను గట్టుకొనుట యెట్లు సాధ్యమయ్యెనో చెప్పుటకే యీ వ్యాసమును మేము వ్రాయుచున్నాము.

మొదట నొక పాతయోడ కథ. ఆవిరియోడలు ప్రబలి తెరచాపయోడల నాయకులకు కొలువులు కరవైన కాలమున, 1892లో, జాషువా స్లోకమను నావికునకు ఒక మిత్రుడు 'స్ప్రే' యను పడవను ఊరకే యిచ్చెను. అది అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఫేర్‌హేవెను గ్రామపు పొలములో, ఊతకొయ్యలపై, గుడ్డ కప్పుకొని, ఏండ్ల తరబడి శిథిలమగుచుండెను. స్లోకము సమీపమున నొక ఓకుచెట్టును నఱకి అడుగుదూలము చేసెను. ప్రక్కకొయ్యలను ఆవిరిలో నుడికించి వంచెను. ఊరివారు వచ్చి, దీనివలన లాభమేమైన నున్నదా యని యడుగుచుండిరి. పదుమూడు నెలల పనికి సామగ్రి వ్యయము 553 డాలరుల 62 సెంట్లు. కొయ్య వెంట కొయ్య మార్చగా తుదకు మిగిలినది ఆ పాత స్ప్రేయేనా, వేఱొకటియా యన్నది తార్కికులు తేల్చవలసినది. దానిలో నతడు 1895 ఏప్రిలున బోస్టను విడిచి, 1898 జూనున మరలివచ్చి, భూమండలమును ఒంటిగా నావపై చుట్టిన మొదటివాడయ్యెను. కాని స్లోకము బాల్యమునుండి సముద్రమున పెరిగినవాడు, ఓడపని నెఱిగినవాడు. మన ప్రశ్నకు ఆతడు చాలిన సమాధానము కాడు.

సమాధానము కాగితముపై వచ్చినది. 1885లోనే డబ్ల్యు. పి. స్టీఫెన్సను నాతడు వృత్తివారు కానివారి కొఱకు పడవల నిర్మాణమును గూర్చి యొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. పిమ్మట 'రడ్డర్' అను మాసపత్రిక బయలుదేరెను. ఆ పేరునకు చుక్కాని యని యర్థము. దాని సంపాదకుడైన థామస్ ఫ్లెమింగ్ డే, సామాన్యుడు కట్టుకొనదగిన 'సీ బర్డ్' అను పడవ పటములను, కొలతలను, పనిక్రమమును ఆ పత్రికలోనే ప్రచురించెను. ఇందలి కిటుకు అడుగు భాగముననే యున్నది. గుండ్రని యడుగు గల నావకు ప్రతి ప్రక్కకొయ్యను ఉడికించి వంచవలెను. ప్రతి పలకను వేఱు వేఱు వంపునకు చెక్కవలెను. సీ బర్డు అడుగు అట్లు గాక, రెండు వాలుపలకలు కోణముగా కలిసినట్లుండును. నిలువుకొయ్యలు తిన్ననివి, రంపమును చిత్రికయు పట్టగలవాడు వానిని చేయగలడు. వృత్తివా రిట్టి పెట్టెపడవ నిలువదని యాక్షేపింపగా, 1911లో డే తానే ఇరువురు తోడివారితో దానిపై అట్లాంటిక్కు సముద్రమును దాటెను. సంపాదకులు తాము ప్రకటించిన దానిపై ప్రాణములు పెట్టుట యరుదు!

ఆ పటముల తెగను నమ్మినవారిలో హారీ పిడ్జను ముఖ్యుడు. 1869లో అయోవా రాష్ట్రపు వ్యవసాయ కుటుంబమున పుట్టినవాడు. సముద్రమునకు దూరముగా పెరిగినవాడు. ఛాయాచిత్రములు తీయుట వృత్తి. నలువదియెనిమిదవ యేట, మా యీడువా రనేకులు పడకకుర్చీ వెదకుకొను ప్రాయమున, లాస్ ఏంజెలసు రేవు ఒడ్డున 34 అడుగుల యోడకు అడుగుదూలము పఱచెను. ఏడాదిన్నర శ్రమించి ముగించి దానికి 'ఐలాండర్' అని పేరిడెను. దిక్సాధనమును, నక్షత్రగణితమును పుస్తకములు చదివియే నేర్చెను. 1921 నవంబరున బయలుదేరి, 1925 అక్టోబరున అదే రేవునకు ఒంటిగా మరలి వచ్చెను. స్లోకము తరువాత నట్లు చుట్టివచ్చిన రెండవవా డితడే. పిమ్మట నింకొకమారు చుట్టెను. ఈతని ఘనత సాహసమున గాక, ఎవరును తప్పని నిర్బంధింపని పనిని తప్పులేకుండ చేయుటలో నున్నదని మా యభిప్రాయము. కూలికి చేయువానికి నెలలు లెక్క. పిడ్జనునకు మేకు గట్టిగా దిగినదా యన్నదే లెక్క.

అయినను ఈ చరిత్ర యంతయు విజయములు కావు. మొదలిడి విడిచిన నావల సంఖ్య యెవరు వ్రాసిరి? గడ్డిలో ప్రక్కకొయ్యలు బయటపడి యెండుచున్న పడవలు పడమటి దేశపు పెరళ్లలో నెన్నియో. సంసారికి సెలవుదినములు కొలది. కొయ్యయా వేచియుండదు, చివుకును. ఓడవడ్రంగి వీరిని చూచి నవ్వెనన్న నది కేవలము వృత్తిగర్వము కాదు. అతుకు చెడినచో ములుగునది బొమ్మ గాదు, మనుష్యుడు.

రెండవ మహాయుద్ధమున విమానములకై వృద్ధి చేయబడిన నీటికి చెడని జిగుళ్లును, పొరచెక్కలును ఈ కష్టమును సగము తీర్చినవి. 1963లో ఇంగ్లండునందు 'డెయిలీ మిర్రర్' పత్రిక పూనికతో, జాక్ హోల్టును, గృహపు మరమ్మతులను టెలివిజనులో బోధించు బారీ బక్నెలును కూడి రూపొందించిన 'మిర్రర్' అను చిన్న నావ వెలువడెను. పొడవు 10 అడుగుల 10 అంగుళములు. వెల 63 పౌనుల 11 షిల్లింగులు. కోసిన పలకలు మూటగా నింటికి వచ్చును. వాని యంచులకు రంధ్రములు చేసి రాగితీగెతో కుట్టి, లోపల గాజునార పట్టీలు పెట్టి జిగురు పూయవలెను. కెన్ లిటిల్‌డైక్ చిన్న దోనెలకు వాడిన యుపాయ మిది. ఎఱ్ఱ తెరచాపలతో నట్టి నావలు 70,000కు పైగా తయారైనవి. తండ్రులు, తల్లులు, పిల్లలు కూడి యింటిలోనే కుట్టిరి. ధనికుల యాటగా నుండిన నౌకావిహారము గుమాస్తాల యిండ్లకు వచ్చెను.

పలకలను కుట్టుట మన తీరమునకు క్రొత్త గాదు. కోరమండల తీరమున మసూలా పడవలను ఇనుపమేకు లేకుండ కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. అలల దెబ్బకు మేకుపడవ పగులును, కుట్టుపడవ వంగి లేచును. రేవుకట్టడములు లేని చెన్నపట్టణమున సరకులును, దొరలును దానిపైననే యొడ్డు చేరిరి. యుక్తికల్పతరువు సైతము సముద్రనావకు ఇనుపకట్టు వలదని చెప్పి, అయస్కాంతశిలలు లాగునని కారణము కల్పించినది. కుట్టినవారిని అడిగియుండినచో అలల సంగతి చెప్పియుందురు. మిర్రరు నావ మూటలో పలకలతోపాటు, ఏ రంధ్రమున నే తీగె దూర్చవలెనో తెలుపు అచ్చుకాగితము వచ్చెడిది.