మూడింట ఒకరికే ఎందుకు?

కారణం తెలియకముందే ఆచరణలోకి వచ్చిన చికిత్సలు వైద్యశాస్త్ర చరిత్రలో కొన్ని ఉన్నవి. రొమ్ము క్యాన్సరుకు హార్మోను చికిత్స అటువంటిది.

ఈనిన ఆవుకు అండాశయాలు తొలగిస్తే అది చాలాకాలం పాలిస్తూనే ఉంటుందని కొన్ని దేశాల పశుపాలకులు ఎరుగుదురు. స్కాట్లండులోని గ్లాస్గో నగర శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్ ఈ సంగతిని ఆలోచించినాడు. పాలకూ అండాశయాలకూ సంబంధమున్నప్పుడు, రొమ్ములోని కంతికి మాత్రం ఎందుకు ఉండరాదు? కంతిని కోసి తీయుటకు వీలులేని దశలో ఉన్న ఒక స్త్రీకి 1895లో ఆయన అండాశయాలు తొలగించినాడు. కొన్ని నెలలలో కంతులు కరిగినవి; ఆమె సుమారు నాలుగేండ్లు జీవించినది. ఆ ఫలితాలను 1896లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించినాడు. హార్మోను అన్న మాటయే అప్పటికి పుట్టలేదు. అది వాడుకలోకి వచ్చినది 1905లో.

అయితే, 1900లో స్టాన్లీ బాయ్డ్ అను ఇంగ్లీషు వైద్యుడు 54 మంది వృత్తాంతాలను సమకూర్చి చూడగా, సుమారు మూడింట ఒకవంతు మందికే గుణం కనిపించినది. తక్కినవారికి అండాశయాలు పోయినవి. రోగం మాత్రం పోలేదు. ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పగల వైద్యుడు లేడు. 1950ల ఆరంభంలో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ మూత్రపిండాలపైనుండే అడ్రినల్ గ్రంథులను కూడ తొలగించసాగినాడు. కోత పెద్దదైనది, సందేహం తీరలేదు.

ఆ చికాగో విశ్వవిద్యాలయంలోనే ఎల్‌వుడ్ జెన్సెన్ 1950ల చివర రేడియోధార్మికత గల ఈస్ట్రోజెన్‌ను ఎలుకలకు ఇచ్చి దాని జాడ తీసినాడు. రక్తంతోపాటు అది శరీరమంతా తిరిగినది. కాని గర్భాశయం వంటి కొన్ని అవయవాలే దానిని నిలుపుకొన్నవి. ఆ కణాలలో హార్మోనును పట్టుకొనే ప్రోటీను ఒకటి ఉన్నది. దానికే గ్రాహకమని పేరు. రేడియో ప్రసారం ఊరంతటిమీదా సాగుతుంది. పెట్టె ఉన్న ఇంటనే పాట వినబడుతుంది.

రొమ్ము కంతులలోనూ ఇదే భేదం. ముట్లుడిగిన స్త్రీల కంతులలో సైతం ఈస్ట్రోజెన్ రక్తంలోకంటె ఎన్నో రెట్లు ఉండవచ్చును; గ్రాహకం లేనిచోట అది ఉండీ లేనట్లే. గ్రాహకాలు లేని కంతులు గ్రంథుల తొలగింపుకు లొంగుట అరుదని జెన్సెన్ బృందం 1971లో తెలిపినది. 1974లో అమెరికాలోని బెథెస్డాలో వైద్యులు తమ లెక్కలన్నీ కలిపి చూచినారు. గ్రాహకాలున్నవారిలో సగానికి పైగా హార్మోను చికిత్సవల్ల గుణం పొందినారు. లేనివారిలో నూటికి పదిమంది కూడ లేరు.

ఈస్ట్రోజెన్‌ను గ్రాహకానికి చేరనీయని టామాక్సిఫెన్ అను మందు 1962లో ఇంగ్లండులో తయారై, 1970లలో చికిత్సలో ప్రవేశించినది. గ్రాహకాలున్నవారు దానిని 5 ఏండ్లు వాడితే, 15 ఏండ్లలో ఈ క్యాన్సరు మరణాలు సుమారు మూడవవంతు తగ్గినవి. లేనివారికి ఫలమే లేదు. అయితే గ్రాహకాలున్న కంతి 20 ఏండ్ల వరకు తిరగబెట్టే అవకాశమున్నది గనుక, తొలి ఏండ్లు గడచినవని ఏమరరాదు.

నేడు చికిత్స నిర్ణయించుటకు ముందు కంతి తునకను పరీక్షించి గ్రాహకాలున్నవో లేవో చూస్తారు. బాయ్డ్ కాలపు స్త్రీలకు దొరకని సమాధానం ఆ చిన్న పరీక్షలో దొరుకుతున్నది.