పీనసము - ప్రతిరక్షకములు

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని ప్రత్తి వ్యాపారమునకు, ఎమ్మిగనూరు నేతకు పేరుపొందినవి. జిన్నింగు మిల్లులలో గింజనుండి దూది వేరగునపుడు లేచు దుమ్మువలన తుమ్ములు, ముక్కుదిబ్బడ కలుగును. అయితే దీర్ఘకాలపు పీనసమంతయు దుమ్మువలన వచ్చునది కాదు. ముఖపు ఎముకలలోని గాలి గదులగు సైనసులు 12 వారములకు మించి వాచియుండుటయే ఈ వ్యాధి. కొందరికి ముక్కులో మెత్తని కండలు పెరిగి వాసన తెలియకుండ పోవును. కోసివేసినను అవి మరల రావచ్చును.

1890లో బేరింగ్, కిటసాటోలు ధనుర్వాత విషమును విరుచు శక్తి రక్తరసమున కలదని చూపిరి. ఆ శక్తి ప్రతిరక్షకములది. 1975లో కోలర్, మిల్‌స్టైనులు ఒకే లక్ష్యమును పట్టు ప్రతిరక్షకమును కోరినంత తయారుచేయు మార్గము కనుగొనిరి. ఆ లక్ష్యము రోగక్రిమియే కానక్కరలేదు. వాపును రేపుటకు శరీరకణములు పంపుకొను సంకేతమైనను కావచ్చును. పీనసమున పనికివచ్చినది ఈ సూక్ష్మమే. కండలతో కూడిన పీనసమునకు అమెరికాలో 2019లో డ్యుపిలుమాబ్, 2020లో ఒమలిజుమాబ్, 2021లో మెపోలిజుమాబ్ అనుమతి పొందినవి. మొదటిది ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అను సంకేతములను, మూడవది ఇంటర్‌ల్యూకిన్ 5ను అడ్డగించును. రెండవది అలర్జీకి మూలమగు ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకమునే పట్టివేయును.

జీవకణములలో పెంచి తీయవలసినందున ఇవి ఖరీదైన మందులు. ఇట్టివి తెలుగునాట తయారుకాగలవని 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ చూపెను. లింఫోమాకు వాడు రిటుక్సిమాబ్‌ను పోలిన ప్రతిరక్షకమును అది విడుదలచేసెను.

ఉప్పునీటితో కడుగుట, స్టెరాయిడు తుంపరలు ఫలింపనపుడే వైద్యులు పీనసమునకు ఈ సూదులను తలపెట్టుదురు. ప్రతిరక్షకము సంకేతమును ఆపునే కాని దుమ్మును ఆపదు. జిన్నింగు కూలికి మొదటి రక్ష గాలి ధారాళముగ ఆడు మిల్లు, దుమ్మును లాగివేయు యంత్రము.