మా కొండల నవల్లో మా వీధి

అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, అవతల పాడువా, నందపూర్. మావాళ్ళకి ఇదంతా ఒకటే సీమ. తిరిగే సంతలు ఒకటే, చుట్టరికాలు ఒకటే, ఇంట్లో మాటాడే దేశియా ఒరియా ఒకటే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమై, అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం సంస్థానం అటు పోయింది. ఆ గీత మా ఇళ్ళ మధ్య నుంచి పడింది. గీతకి ఇవతల మేము వాల్మీకులం, ఏజెన్సీలో ఉన్నంతవరకే ఎస్టీలం. అవతల మా మేనమామలు డొంబులు, ఎస్సీలు. ఒకే పెళ్ళిపందిట్లో రెండు షెడ్యూళ్ళూ పక్కపక్కన కూర్చుని తింటాయి. నా సర్టిఫికెట్టులో గిరిజనుణ్ణి. పెద్దకులం ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఏమిటో గుమ్మమే చెప్తుంది. దళితుల పుస్తకంలో నీకేం పని అని అడిగేవాళ్ళకి ఇది చాలనుకుంటాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. చదివిన తెలుగు వాచకాల్లో గోదావరి ఉంది, హంపీ ఉంది, మా కొండ లేదు. తర్వాత చేతికొచ్చిన చాలా కథల్లో అరకంటే మంచు, సొరంగాల్లో రైలు, కొత్త దంపతులు. ఆ రైలుమార్గం 1960లలో వేసింది బైలదిల్లా ఇనుపరాయిని జపానుకి పంపడానికని ఆ దంపతులకెవరూ చెప్పినట్టు లేదు.

మా కొండ నాకు మొదట కనిపించింది ఒరియా నవల్లో. గోపీనాథ మహంతి కొరాపుట్‌లో అధికారిగా పనిచేసిన మనిషి. కంధుల మీద ఆయన రాసిన ‘అమృత సంతానం’కి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పురిపండా అప్పలస్వామి తెలుగు చేసేరు. ‘పరజా’ 1945 నాటిది. 1987లో ఇంగ్లీషులోకి వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివేను. సుక్రు జాని పొరజ రైతు. అతని కూతురి మీద ఫారెస్టు గార్డు కన్ను పడుతుంది. అడవి కొట్టేడని జరిమానా. ఆ జరిమానా కట్టడానికి సావుకారి దగ్గర అప్పు. అప్పుకి తనూ కొడుకులూ గోతీలవుతారు, అంటే వడ్డీకింద ఒళ్ళు తాకట్టు. భూమీ పోతుంది. చివరికి గొడ్డలి లేస్తుంది. మా పక్కింటి ముసలాయన కతే ఇది, పేర్లు మారేయంతే.

అయితే ఆ ఊళ్ళో పొరజ వీధి పక్కన డొంబు వీధి కూడా ఉంది. అది మా వీధి. మహంతి పుస్తకాల్లో డొంబు ఎక్కువగా మాటకారి, తరగరి, అడవి మనిషిని సావుకారి గుమ్మానికి నడిపించేవాడు. మా నాయనమ్మ అడిగింది, “ఏటిరా అంతలా సదువుతున్నావు? మనల్ని దొంగలనే రాసినారా?” చదవడం రాని మనిషికి ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చింది?

పాత కాగితాల నుంచే వచ్చింది. 1907 విశాఖపట్నం గెజిటీర్లో ఫ్రాన్సిస్ దొర, 1909లో ఏడు సంపుటాలు అచ్చేసిన థర్‌స్టన్ దొర, ఇద్దరూ డొంబుకి దొంగతనం అంటగట్టేరు. అసలు మావాళ్ళ పని నేత, డోలు, సన్నాయి. మిల్లు గుడ్డ సంతకెక్కాక మగ్గం పడుకుంది. భూమి లేదు. మిగిలింది కాళ్ళూ నోరూ. కావిడి వేసుకుని ఉప్పు, గుడ్డ కొండెక్కించడం, పిప్పళ్ళూ పసుపూ కిందికి దించడం. సావుకారి సంచి మోసింది మావాళ్ళే, తూకంలో చేతివాటమూ ఉంది. దాన్ని నేను దాచను. కానీ సంచిలో డబ్బు మాది కాదు. సావుకారి దొడ్లో గోతీగా పడున్నవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారని మా తాత చెప్పేవాడు. మహంతి పొరజ గుండెలోకి దిగినంత లోతుగా డొంబు గుండెలోకి దిగలేదు. ఆ మాట అనడానికి ఆయన గొప్పతనం నాకడ్డం రాదు.

ఇప్పుడు లోపలివాళ్ళే రాస్తున్నారు. పార్వతీపురం వైపు కొండల నుంచి మల్లిపురం జగదీశ్, జాతాపు మనిషి, ఆయనా బడిపంతులే. ‘శిలకోల’ చదువుతుంటే కొండని కిందనుంచి చూస్తున్నట్టుండదు. అలాంటి పుస్తకం అరకు వాల్మీకి చేతి నుంచి నా దగ్గరికింకా రాలేదు.

మొన్న తొమ్మిదో తరగతికి సుక్రు జాని కత చెప్పేను. నా క్లాసులో పొరజ పిల్లలున్నారు, మా పిల్లలున్నారు. బయట ఎస్టీ జాబితాలో ఎవరుండాలనే తగువు వాళ్ళ చెవుల్లో కూడా పడుతూనే ఉంది. అందుకని మీ తాతల అప్పు గురించి అడిగి రాసుకు రమ్మన్నాను. పొరజ పిల్లాడు తాత కట్టిన వడ్డీ రాసేడు. మా పిల్ల, సావుకారి తరఫున వడ్డీ వసూలుకి తిరిగి తనూ అప్పులోనే చచ్చిపోయిన తాత గురించి రాసింది. ఊళ్ళు వేరు, సావుకారి పేరొకటే. ఇంకా పదకొండు మంది నోటుబుక్కులు చూడాలి.