గ్రాంటు దరఖాస్తుకు జతచేసే కాగితాల కథ

మన దేశంలో ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే విధానం 1854 నాటి వుడ్స్ డెస్పాచ్‌తో స్థిరపడింది. గ్రాంటు కావాలంటే బడికి స్థానికంగా బాధ్యత వహించే నిర్వాహకులు ఉండాలి, తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల దగ్గర కొద్దిపాటి ఫీజైనా తీసుకోవాలి. బాధ్యులెవరు? పని ఎవరు చూస్తారు? మీ వంతు ఎంత? ఇవే ఆనాటి ప్రశ్నలు. నేడు దాతృసంస్థలు కార్యవర్గ జాబితా, ఆడిట్ లెక్కలు, సంఘం భరించే వాటా అడిగినప్పుడు అడుగుతున్నవీ అవే.

కొవ్వూరు వాళ్లకు దీనితోపాటు మరో చిక్కు ఉంది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మారుతూ వచ్చింది. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఉన్న మనం 1904లో కృష్ణా జిల్లాలోకి, 1925లో పశ్చిమ గోదావరిలోకి వెళ్లాం. 2022 ఏప్రిల్ 4 నుంచి తూర్పు గోదావరి వాళ్లమయ్యాం. యాభై ఏళ్ల కిందటి రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక జిల్లా, ఇప్పటి చిరునామాలో మరో జిల్లా కనిపిస్తే ఎక్కడో ఢిల్లీలో ఫైలు చూసేవారికి అనుమానం రావడం సహజం. జిల్లాల పునర్వ్యవస్థీకరణ గెజిట్ నకలు, దానిపై ఒక పేజీ వివరణ జతచేస్తే ఆ అనుమానం తీరుతుంది.

చట్టమూ మారింది. కోస్తా జిల్లాల్లో పాత సంఘాలు 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరయ్యాయి. తర్వాత మన రాష్ట్రానికి 2001 చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు అందజేయాలి. పాత సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే సరిపోదు. పన్ను మినహాయింపు అనుమతులకూ ఇప్పుడు గడువు ఉంటుంది, సకాలంలో పునరుద్ధరించుకోవాలి.

విదేశాల్లో ఉన్న మన మిత్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. 2010 చట్టం కింద అనుమతి లేకుండా సంఘం దాన్ని తీసుకోకూడదు. అందుకే రశీదు రాసేముందు పౌరసత్వం అడుగుతారు, నొచ్చుకోవద్దు.

గతంలో కార్యవర్గంలో పనిచేసిన పెద్దలకు ఒక మనవి. మీ ఇంటి అటకమీద పాత మినిట్స్ పుస్తకాలు, రశీదు పుస్తకాలు, ఆడిట్ నివేదికలు ఉంటే కనీసం నకళ్లైనా సంఘానికి అందజేయండి. రేపు ఒక తరగతి గదికో ప్రయోగశాలకో నిధులు అడిగేటప్పుడు మన యాభై ఏళ్ల పనికి సాక్ష్యం చెప్పేవి అవే.