ఓపెన్ సోర్స్ లైసెన్సు కోర్టుకెక్కిన రెండు దశాబ్దాలు

వరంగల్ కాశిబుగ్గలో పెళ్లిపత్రికలు వేసే దుకాణదారు సురవరం, రామభద్ర ఫాంట్లను పైసా కట్టకుండా వాడుకోవచ్చు. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలయ్యాయి. వాటిని మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. ఫాంటును విడిగా అమ్మకూడదు. ఉచితంగా ఇచ్చినదానికి పెట్టిన ఇలాంటి షరతును ఎవరైనా తోసిపుచ్చితే కోర్టు పట్టించుకుంటుందా?

రిచర్డ్ స్టాల్‌మన్ సాఫ్ట్‌వేర్ కోసం రాసిన జీపీఎల్ అనే లైసెన్సు 1989లో, దాని రెండో కూర్పు 1991లో వచ్చాయి. ప్రోగ్రామును పంచేవారు సోర్స్ కోడ్ కూడా అందించాలన్నది దాని ప్రాణం. చాలాకాలం తగాదాలు ఉత్తరాలతోనే సద్దుమణిగేవి. 2004 మేలో మ్యూనిక్ కోర్టు తీర్పు చెప్పింది. లినక్స్‌లోని నెట్‌ఫిల్టర్ రచయితల్లో ఒకరైన హరాల్డ్ వెల్టే, ఆ కోడ్ ఉన్న రౌటర్లను సోర్స్ ఇవ్వకుండా అమ్మిన సైట్‌కామ్ కంపెనీ మీద నిషేధ ఉత్తర్వు సాధించాడు. జీపీఎల్ చెల్లదని వాదిస్తే, ఆ కోడ్‌ను పంచే హక్కు కూడా పోతుందని కోర్టు తేల్చింది.

నా లెక్కలో అంతకన్నా విలువైనది 2008 ఆగస్టు నాటి జేకబ్సన్, కాట్జర్ తీర్పు. తగాదా నమూనా రైళ్లను నడిపే ప్రోగ్రాము గురించి. కింది కోర్టు లైసెన్సు షరతు మీరడాన్ని ఒప్పంద ఉల్లంఘనగానే చూసి నిషేధ ఉత్తర్వు నిరాకరించింది. ఒప్పందమంటే నష్టం లెక్క చూపాలి. ధరే లేని వస్తువుకు ఏం లెక్క చూపగలరు? అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ చిక్కు విప్పింది: షరతు మీరితే కాపీరైట్ ఉల్లంఘనే అవుతుంది, డబ్బు తీసుకోనంత మాత్రాన రచయిత హక్కు చులకన కాదు. డబ్బు ఆశించకుండా రాసే ప్రతి ఒక్కరికీ ఈ తీర్పు అండ.

ఆ తర్వాత ప్రశ్న మారింది: అడిగే హక్కు ఎవరిది? వీఎంవేర్ కంపెనీ మీద వేసిన దావాలో లినక్స్ రచయితల్లో ఒకరైన క్రిస్టాఫ్ హెల్‌విగ్ తన కోడ్ ఎక్కడ వాడారో తగినట్టు చూపలేదంటూ హాంబర్గ్ కోర్టు 2016లో కొట్టేసింది; 2019లో అప్పీలూ పోయింది. వేలమంది కలిసి రాసిన కోడ్‌లో ఒక్కరి వంతు వేరుచేయడం ఎంత కష్టమో చూడండి. 2021లో అమెరికాలోని సాఫ్ట్‌వేర్ ఫ్రీడం కన్సర్వెన్సీ మరో దారి పట్టింది. విజియో టీవీ కొన్న వినియోగదారుగా సోర్స్ ఇవ్వమని దావా వేసింది.

మన కాపీరైట్ చట్టం రచయితకు ఒక వెసులుబాటు ఇచ్చింది. 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను నివసించే ప్రాంతపు కోర్టులోనే దావా వేయవచ్చు. కాశిబుగ్గలో ఉండి కోడ్ రాసే యువతి, దాన్ని ఎత్తుకెళ్లిన కంపెనీ ఊరికి పరుగెత్తక్కర్లేదు. అయితే 19వ సెక్షన్‌లో ఒక చిక్కుంది. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని ఊహించుకునే ఈ నియమం 30ఎ సెక్షన్ ద్వారా తగిన మార్పులతో లైసెన్సులకూ వర్తిస్తుంది. 2007 నాటి జీపీఎల్ మూడో కూర్పు కాపీరైట్ ఉన్నంతకాలమని స్పష్టంగా రాసింది. లినక్స్ కెర్నల్ మాత్రం ఆ మాట లేని రెండో కూర్పు మీదే ఉంది.