ఒకే దేశస్థులు, వేరువేరు సంఘములు: తొలి ఆంగ్ల వలస రాజ్యములలో నేల, శ్రమ, బాప్తిస్మము

ఉపోద్ఘాతము

సంఘ చరిత్ర చదివేటప్పుడు మనము సాధారణముగా సిద్ధాంత భేదములను బట్టి సంఘములను వేరు చేస్తాము. బిషప్పుల పాలనను అంగీకరించినవారు ఒక వైపు, అంగీకరించనివారు మరొక వైపు. ఈ విభజన సరియైనదే గాని సరిపోదు. 17వ శతాబ్దములో ఉత్తర అమెరికా తూర్పు తీరమునకు వలస వెళ్లిన ఆంగ్లేయులే దీనికి ఉదాహరణ. వారిలో అత్యధికులు ఒకే రాజు క్రింద పుట్టిన ప్రొటెస్టంటులు, తమ భాషలో బైబిలు విన్నవారు. అయినప్పటికీ నూరు సంవత్సరములు తిరగకముందే వర్జీనియాలోని సంఘమునకు, మసాచుసెట్స్‌లోని సంఘమునకు పోలిక లేకుండా పోయింది. ఈ మార్పుకు సిద్ధాంతముతో పాటు నేల, పంట, కూలి కూడా కారణములే.

ఈ వ్యాసములో ఆ ప్రాంతములను రెండు ప్రశ్నలతో పరిశీలిద్దాము. కాపరి జీవనాధారము ఎవరి చేతిలో ఉంది? బానిసత్వములో ఉన్న మనిషికి ఇచ్చిన బాప్తిస్మమునకు ఏ విలువ దక్కింది?

1. వర్జీనియా: పొగాకు పొలముల మధ్య సంఘము

క్రీ.శ. 1607లో వర్జీనియా కంపెనీ అనే లండను వర్తక సంస్థ పంపిన సుమారు 104 మంది పురుషులు, బాలురు జేమ్స్‌టౌన్‌లో స్థిరపడ్డారు. రాబర్ట్ హంట్ అనే ఆంగ్లికన్ పాదిరి వారితో వచ్చారు. 1609–10 చలికాలములో ఆకలికి, రోగములకు అనేకులు చనిపోగా, జేమ్స్‌టౌన్‌లో సుమారు 60 మంది మాత్రమే మిగిలారు. ఆ వలసను నిలబెట్టినది పొగాకు. 1612 ప్రాంతములో జాన్ రాల్ఫ్ దాని సాగును లాభసాటి చేశారు.

పొగాకు కొన్ని సంవత్సరములలోనే నేల సారమును లాగివేస్తుంది. కాబట్టి రైతుకు ఎప్పటికప్పుడు క్రొత్త భూమి కావాలి. ఎవరి రేవు వారికి నది ఒడ్డునే ఉండడము వలన పట్టణములు పెరగలేదు. ఇండ్లు దూరదూరముగా ఉండగా, ఒక కాపరి చూడవలసిన పారిష్ పదుల మైళ్ల పొడవున వ్యాపించింది. విశ్వాసులను ఇంటింట దర్శించడము, పిల్లలకు క్రమముగా బోధించడము కష్టమైపోయింది.

బిషప్పుల సంఘమైనా అక్కడ బిషప్పు లేడు. అమెరికాకు మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా శామ్యూల్ సీబరీ అభిషేకము పొందినది 1784లో. అంతవరకు పారిష్ అధికారము వెస్ట్రీ అనే పెద్దల కమిటీ చేతిలో ఉంది. 1662 చట్టము ప్రకారము అందులో పన్నెండు మంది సభ్యులు. ఖాళీ ఏర్పడితే తమలో చేరవలసినవారిని వారే ఎన్నుకునేవారు. వీరు సాధారణముగా ఆ ప్రాంతపు పెద్ద భూస్వాములు. కాపరిని శాశ్వతముగా నియమిస్తే తొలగించడము కష్టము గనుక, అనేక వెస్ట్రీలు ఏడాదికొకసారి ఒప్పందము చేసుకునేవి. 1696 చట్టము కాపరి జీతమును ఏడాదికి 16,000 పౌనుల పొగాకుగా నిర్ణయించింది. పొగాకు ధర పడిపోతే కాపరి భోజనమూ తగ్గేది. అటువంటి కాపరి భూస్వామి ఎదుట ఏమి ప్రకటించగలడో ఊహించవచ్చు.

1619లో ఇరవైకి పైగా ఆఫ్రికనులను ఒక ఓడ వర్జీనియాకు తెచ్చింది. తొలి దశాబ్దములలో పొలముల పని ఎక్కువగా ఇంగ్లండు నుండి వచ్చిన ఒప్పంద కూలీలే చేశారు. బాప్తిస్మము పొందిన క్రైస్తవుని బానిసగా ఉంచవచ్చునా అనే సందేహము అప్పటి ఆంగ్లేయులలో నిజముగానే ఉంది. ఆఫ్రికా స్త్రీకి, ఆంగ్లేయునికి పుట్టిన ఎలిజబెత్ కీ 1656లో తన విడుదల కొరకు న్యాయస్థానములో వాదించినప్పుడు, తండ్రి స్వతంత్రుడనే కారణముతో పాటు తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవురాలననే కారణమును కూడా చూపింది. ఆమె గెలిచింది.

ఆ రెండు ద్వారములనూ శాసనసభ మూసివేసింది. బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టియే ఉండునని 1662లో, బాప్తిస్మము బానిస స్థితిని మార్చదని 1667లో చట్టములు చేసింది. రెండవ చట్టము చెప్పుకున్న కారణము గమనింపదగినది. ఈ సందేహము తొలగిపోతే యజమానులు తమ బానిసలకు క్రైస్తవ్యమును బోధించడములో ఎక్కువ శ్రద్ధ చూపుతారని అది పేర్కొంది. అనగా సువార్త వ్యాప్తి పేరుతోనే సంస్కారమునకు ఉన్న సామాజిక అర్థమును తీసివేశారు.

2. న్యూ ఇంగ్లండ్: నిబంధన చేసుకున్న ఊళ్లు

1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు వచ్చారు. మొదటి చలికాలములోనే దాదాపు సగము మంది చనిపోయారు. 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వములో ప్యూరిటన్ల పెద్ద వలస మసాచుసెట్స్‌లో మొదలైంది. వీరిలో ఎక్కువమంది భార్యాబిడ్డలతో వచ్చారు. నేల రాళ్లమయము, వేసవి చిన్నది. ఎగుమతికి పొగాకు వంటి పంట లేదు. కుటుంబమే పొలము దున్నింది. చేపలు, కలప అమ్మింది. భూమిని ఊరికి ఇచ్చి, ఊరు కుటుంబములకు పంచేది. అనేక ఊళ్లలో ప్రార్థన మందిరము మధ్యన నిలిచింది.

ఇటువంటి ఊరిలో సంఘ జీవితము సాధ్యమైంది. కాపరిని సంఘ సభ్యులే పిలిచేవారు. 1648 నాటి కేంబ్రిడ్జ్ ప్రకటన ఈ క్రమమును స్థిరపరచింది. 1636లో హార్వర్డ్ విద్యాలయము స్థాపించారు. ఏబది కుటుంబములున్న ప్రతి ఊరు చదువు చెప్పే ఉపాధ్యాయుని నియమించాలని 1647లో చట్టము చేశారు.

అయితే ఐక్యత వెనుక బలవంతమూ ఉంది. 1631 నుండి మసాచుసెట్స్‌లో సంఘ సభ్యులకే ఓటు హక్కు. మనస్సాక్షిపై ప్రభుత్వమునకు అధికారము లేదన్న రోజర్ విలియమ్స్‌ను 1635లో బహిష్కరించగా, ఆయన మరుసటి సంవత్సరము ప్రావిడెన్స్‌ను స్థాపించారు. క్వేకరు స్త్రీ మేరీ డైయర్‌ను 1660లో బోస్టనులో ఉరితీశారు.

న్యూ ఇంగ్లండులో బానిసలు తక్కువ గనుక అక్కడి విశ్వాసము ఉన్నతమైనదని కొందరు భావిస్తారు. ఆధారములు దీనిని సమర్థించవు. 1637 పీకాట్ యుద్ధములో పట్టుబడినవారిని బానిసలుగా అమ్మారు. 1641 మసాచుసెట్స్ చట్టము యుద్ధ ఖైదీలను, అమ్ముడుపోయినవారిని బానిసలుగా ఉంచడమును అనుమతించింది. అక్కడి చేపలు వెస్టిండీస్ చక్కెర తోటల బానిసలకు ఆహారముగా అమ్ముడయ్యేవి. బానిసలు తక్కువగా ఉండడములో నేల స్వభావమునకు పెద్ద పాత్ర ఉంది. జాన్ ఎలియట్ స్థానిక మసాచుసెట్ భాషలో అనువదించిన బైబిలు 1663లో పూర్తిగా అచ్చయింది. అయినా 1675లో యుద్ధము రాగానే, ఆయన బోధించిన క్రైస్తవులనే డీర్ ద్వీపములో నిర్బంధించారు. చలికి, ఆకలికి అనేకులు అక్కడ మరణించారు.

3. పెన్సిల్వేనియా, జార్జియా: రెండు పరీక్షలు

1681లో విలియమ్ పెన్ పొందిన పెన్సిల్వేనియాలో ఏ సంఘమునకూ పన్ను వసూలు చేయలేదు. కాపరులు విశ్వాసుల కానుకలపై బ్రదికారు. క్వేకర్లకు జీతము తీసుకునే బోధకులే లేరు. 1688లో జర్మన్‌టౌన్‌లోని నలుగురు, ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుతామో దానినే వారికి చేయాలనే ప్రభువు బోధను ఆధారము చేసుకుని, బానిసత్వమునకు వ్యతిరేకముగా ఒక విన్నపము వ్రాశారు. క్వేకరు సభలు దానిని ఒకదాని నుండి మరొకదానికి పంపి ప్రక్కన పెట్టాయి. బానిసలను కొని అమ్మేవారిపై ఫిలడెల్ఫియా వార్షిక సభ చర్య తీసుకున్నది 1758లో, అనగా 70 సంవత్సరముల తరువాత. మనస్సాక్షికి స్వేచ్ఛ ఉన్నచోట కూడా లాభము ఎంతకాలము ఆటంకపరచగలదో ఇది చూపిస్తుంది.

1733లో ఆరంభమైన జార్జియాలో 1735లో బానిసత్వమును నిషేధించారు. ఎబెనెజరులో స్థిరపడిన జర్మను లూథరన్ శరణార్థులు, వారి కాపరి బోల్ట్‌సియస్ ఆ నిషేధమును సమర్థించారు. ప్రసిద్ధ ఉజ్జీవ ప్రసంగీకుడు జార్జి వైట్‌ఫీల్డ్ మాత్రము తన అనాథాశ్రమ పోషణను కారణముగా చూపి నిషేధము తొలగించమని కోరారు. ప్రక్కనున్న దక్షిణ కరొలినా వరి తోటల సంపద అందరి కండ్ల ఎదుట ఉంది. 1751లో నిషేధము తొలగింది. వైట్‌ఫీల్డ్ వలన వేలమంది మారుమనస్సు పొందిన మాట వాస్తవము, ఇదియు వాస్తవమే.

4. తెలుగు సంఘముతో సంబంధము

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. బోల్ట్‌సియస్‌ను పంపిన హాలె కేంద్రమునకు చెందిన బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును అనువదించారు. అదే హాలె 1742లో పంపిన ముహ్లెన్‌బర్గ్, 1748లో పెన్సిల్వేనియా లూథరన్ మినిస్టీరియమును ఏర్పరచారు. ఆ మినిస్టీరియమే పంపిన హయ్యర్ గారు 1842లో గుంటూరు చేరారు. 1836లో తెలుగువారి యొద్దకు చేరిన శామ్యూల్ డేను పంపిన అమెరికను బాప్తిస్టులు, బానిసల యజమాని మిషనరీ కావచ్చునా అనే ప్రశ్నపై 1845లో చీలిపోయారు.

ముగింపు

వర్జీనియా శాసనసభ 1667లో గలతీ 3:28ను ఖండించలేదు. ఆ వచనము పొలము గట్టు దాటి రాకుండా మాత్రము చూసుకుంది. నేలను, పంటను మనము ఎన్నుకోలేము. అవి సంఘ రూపమును ప్రభావితము చేయక మానవు. అయితే వాటి ఒత్తిడిని గుర్తించకపోతే, దానినే దేవుని చిత్తమని బోధించే ప్రమాదమున్నది. ఒకే బల్లయొద్ద రొట్టె విరిచి, ఊరిలో, పెండ్లి సంబంధములలో, సంఘ పెద్దల ఎన్నికలో కులమును పాత చోటనే ఉంచే సంఘము కూడా వ్రాయకుండానే అటువంటి చట్టమును పాటిస్తున్నది. మన జీతము ఎవరి చేతిలో ఉంది, దాని వలన మనము ఏ వాక్యమును ప్రకటించకుండా విడిచిపెడుతున్నాము అని ప్రతి కాపరి తన్ను తాను ప్రశ్నించుకొనుట ఈ చరిత్ర పఠనము వలన కలుగవలసిన ప్రయోజనము.