నీళ్లు చూసి నాట్లు

వానలు వెనక్కి తగ్గాక తెలంగాణ పల్లెల్లో ఒక లెక్క మొదలయ్యేది. చెరువులో నీళ్లెన్ని, వాటితో ఎన్నెకరాలు పారతాయి? నిజాం కాలం నుంచీ దీని పేరు తైబందీ. వానకాలం పంట ఆబి, యాసంగిది తాబి. ఆబికి వానదేవుడి మీద భారం వేయొచ్చు. తాబి మడి మాత్రం కట్ట వెనక కనబడే నీళ్లతోనే పండాలి.

పాకాల, రామప్ప అనగానే కాకతీయులు కట్టించిన కట్టల గొప్పే చెప్పుకుంటాం. నాకైతే అసలు నేర్పు తూము దగ్గర కనిపిస్తుంది. పాత తూము రాళ్లకు పైనుంచి కిందికి కన్నాలుంటాయి. మట్టం దిగేకొద్దీ కింది కన్నం తెరవాలి. ఆ పని నీరటిది. ఏ మడికి ఎంతసేపు, రాత్రి వంతు ఎవరిది అన్నీ అతనికి కంఠతా వచ్చు. కూలి కల్లంలో గింజలుగా ముట్టేది. చెరువు సగమే నిండిన ఏడు తూము దగ్గరి పొలాలకే నాట్లు, చివరి భూములు బీడు. మరి తూము పక్క పొలాలు ఊళ్లో ఎవరివి? ఆ ప్రశ్న వేయకుండా పాత రోజుల్ని పొగడలేం.

మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌తో ఈ లెక్క ఊరు దాటింది. కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కొన్నేళ్లకే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, ఏడాది పొడవునా తడి అడిగే చెరకు కాలువల కింద పాతుకుపోయింది. అటు పూడిక పేరుకుంది. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 18 కూడా పట్టదు.

నీళ్లు తక్కువైనప్పుడల్లా అధికారులు ఆరుతడి పంటలు వేయమంటారు. వరికి పెట్టే నీళ్లతో మక్క, శనగ, నువ్వులు దాదాపు రెట్టింపు భూమిలో పండుతాయి. మరి రైతు ఎందుకు వినడు? పక్క మడిలో వరి ఉంటే ఊట దిగి శనగ వేరు కుళ్లుతుంది. ఒక్కడు మారితే నష్టపోతాడు, తూము కిందివాళ్లంతా కలిసి మారాలి. అది సర్క్యులర్‌తో కాదు, ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటేనే అవుతుంది.

అందుకు వ్యవధి కావాలి. నారు పోశాక నీళ్లు లేవంటే ఎవరేం చేయగలరు? ఈ యాసంగికైనా అధికారులు తైబందీని నారుమళ్లకు ముందే, తూములవారీగా ప్రకటించాలి.